తలుపు కింద దుప్పటి

నేను ఒక గాలిపెట్టెను. గాలి ఊదేదాన్ని కాను, పీల్చేదాన్ని. పెద్ద టిఫిన్ క్యారియర్ అంత ఉంటాను. లోపల ఒక పంపు, నెత్తిన గరాటు లాంటి మూతి, ఆ మూతిలో రూపాయి బిళ్ళంత తెల్లటి వడపోత కాగితం. గంటసేపు గుర్రుమని గాలి లాగితే, అందులో తేలే కంటికి కనబడని నలుసులు ఆ కాగితానికి అంటుకుంటాయి. ప్రయోగశాల వాళ్ళు దాన్ని చూసి వైరస్ ఉందో లేదో చెబుతారు. అది బతికున్నదా చచ్చినదా అన్నది మాత్రం నా కాగితం చెప్పలేదు.

పుణెలో ఒక చిన్న కర్మాగారంలో పుట్టాను. మందుల కంపెనీలో దుమ్ము కొలుస్తానని అనుకున్నారు. ఇంతలో కరోనా వచ్చి నన్ను విజయనగరం వైపు ఒక ఛాతీ ఆసుపత్రికి తెచ్చింది. సూక్ష్మజీవుల పరీక్షలు చేసే డాక్టర్ హిమజ నన్ను చంటిబిడ్డలా ఎత్తుకుని వార్డులోకి తీసుకెళ్ళింది.

అక్కడ ఆయా సూరీడమ్మ. కాంట్రాక్టు ఉద్యోగం. రోగులకు గంజి తాగించడం, పక్కలు మార్చడం అన్నీ ఆమే. తెల్లారగానే వార్డు కిటికీలన్నీ బార్లా తెరిచేది. హెడ్ నర్సు ఎస్తేరు సిస్టర్‌కు అది గిట్టేది కాదు.

“దోమలొస్తాయి, మూసెయ్యమంటే వినవేం?”

“దోమ కుడితే గోక్కుంతారు సిస్టరమ్మా. ఊపిరాడకపోతే ఏటి గోక్కుంతారు?”

నర్సులు భోజనానికి వాళ్ళ గదిలోకి వెళ్ళేవారు. వార్డు గాలి రాకుండా తలుపు కింది సందులో పాత దుప్పటి కుక్కి, ఏసీ వేసుకుని, మాస్కులు మేకుకు తగిలించి, ఒకరి కూర ఒకరు పంచుకుని తినేవారు. సూరీడమ్మకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. ఆమె రాగిపిండితో కాచిన చోడంబలి గిన్నెతో వెనక వరండాలో కూర్చునేది. మనుషులు రోగానికి భయపడతారు. దాన్ని తుడిచే చేతికి ఇంకాస్త ఎక్కువ భయపడతారు.

ఒక వారంలో ముగ్గురు నర్సులకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. వేళ్ళన్నీ సూరీడమ్మ వైపు తిరిగాయి. ఆమెను పనిలోంచి తీసేయమని ఎస్తేరు సిస్టర్ సూపరింటెండెంటుకు ఉత్తరం రాసింది. నా ఫలితాలు వచ్చాక జతచేసి పంపుదామని సొరుగులో పెట్టింది.

ఆ సంగతి సూరీడమ్మ చెవిన పడింది. నన్ను తుడుస్తూ నాతోనే అంది. “నౌకరీ పోతే పోనీ. రోగం మోసుకొచ్చిందంతే మా ఊళ్ళో అడుగెట్టనిత్తారా?”

నాకు మూతి ఉంది కానీ మాట లేదు.

అనుమానం ఉన్న చోటి గాలితో పాటు, అనుమానమే లేని చోటి గాలి కూడా పట్టి పోల్చడం హిమజ చదువుకున్న పద్ధతి.

“శుభ్రమైన గాలి ఎక్కడ దొరుకుతుంది సిస్టర్?”

“మా గదిలో. చీమ కూడా దూరదు.”

అలా నేను కిటికీ పక్క మంచం దగ్గర ఒక గంట, మూల మంచం దగ్గర ఒక గంట, నర్సులు భోంచేస్తుండగా వాళ్ళ గదిలో ఒక గంట గాలి పీల్చాను.

సూరీడమ్మ రోజూ కూర్చుని గంజి తాగించే కిటికీ పక్క మంచం దగ్గర ఏమీ దొరకలేదు. మూల మంచం దగ్గర కొంత ఉంది. అన్నిటికంటే ఎక్కువగా దొరికింది నర్సుల గదిలో. వడపోత కాగితాల మీది చీటీలు తారుమారయ్యాయనుకుంది హిమజ. ఈసారి చీటీలు తనే రాసి మళ్ళీ నడిపింది. మళ్ళీ అదే జవాబు. వాళ్ళు దుప్పటి కుక్కి వైరస్‌ను బయట ఆపలేదు. తమలో ఒకరి ఊపిరిని అందరికీ దాచిపెట్టారు.

ఎస్తేరు సిస్టర్ ఆ ఫలితాల కాగితం రెండుసార్లు చదివింది. దుప్పటి లాగి చాకలికి వేసింది. మర్నాడు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆమె వెనక మిగతా నర్సులు.

“ఇక్కడ ఏసీ లేదు సిస్టరమ్మా,” అంది సూరీడమ్మ.

“ఉన్న గాలి చాల్లే. కాస్త జరుగు.”

“కాస్తంతే ఎంత? ఆరడుగులా?”

సిస్టర్ నవ్వింది. వరండా బల్ల ఒక కాలు పొట్టి. ఊగకుండా ఆ కాలి కింద పెట్టడానికి జేబులోంచి, ఇన్నాళ్ళూ సొరుగులో ఉన్న ఆ ఉత్తరం తీసి నాలుగు మడతలు వేసింది. సూరీడమ్మకు చదువు రాదు. అయినా అదేమిటో తెలిసింది. తన కూర గిన్నె మూత తీసి, “చేపల పులుసు, వేసుకుంతారా?” అంది.

మూడు నెలలు వార్డు సిబ్బందంతా వరండాలోనే దూరదూరంగా కూర్చుని తిన్నారు. బెల్లం ఆవకాయ చేతులు మారేది. భయం తగ్గాక ఒక్కొక్కరే ఏసీ గదికి వెళ్ళిపోయారు. ఎస్తేరు సిస్టర్ మాత్రం రిటైరయ్యే రోజు దాకా సూరీడమ్మ పక్కనే తిన్నది.

ఇప్పుడు నేను మెట్ల కింద సామాన్ల గదిలో ఉన్నాను. నా పంపు బిగుసుకుపోయింది. చీపురు కోసం వచ్చినప్పుడల్లా సూరీడమ్మ ఈ గది కిటికీ కూడా తెరిచి పెడుతుంది. నా మూతిలో ఆఖరి కాగితం ఇంకా అలాగే ఉంది. వరండా గాలి ఎలా ఉందో చూద్దామని ఒక మధ్యాహ్నం హిమజ నన్ను ఆ బల్ల మీద పెట్టింది. అందరూ తింటుండగా సగంలోనే ఆగిపోయాను. ఆ కాగితాన్ని ఎవరూ పరీక్షకు పంపలేదు.