చేత్తో ముట్టను

నాగవేణి రాగిసంగటి కెలుకుతుంటే ఫోను మోగింది. ఆఫీసులో మేనేజరు ధనంజయ.

"వేణీ, నీ ఆటోమేషన్ బోర్లా పడిందమ్మా! తిరుచానూరు లాడ్జీల బుకింగులన్నీ ఆగిపోయుండాయి. లాగినై నువ్వే చేత్తో సరిచెయ్."

చేత్తో! ఆ మాటకే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లూ డేటాబేసులో ఏ మార్పు కావాలన్నా టీములో కుర్రాళ్లు స్క్రిప్టు రాసి ఆమె వాట్సాప్‌లో పడేసేవాళ్లు. పురిటి మంచం మీదున్నా దాన్ని లైవ్‌లో, అంటే జనం వాడే అసలు సిస్టంలో, నడపాల్సింది ఆమే. సరిగా నడిస్తే ఎవరి కంటికీ ఆనదు, తప్పితే ఊరందరికీ కనపడుతుంది. ఇంట్లో వంటా అంతే కదా! పైగా "బటన్ నొక్కేదానికి ఇంత బిల్డప్పా?" అని మొగుడు మునిశేఖర్ ఎకసెక్కం. అందుకే పోట్లాడి మరీ పద్ధతి మార్పించింది. ఇప్పుడు స్క్రిప్టులన్నీ కోడుతో పాటే, ఎవరు ఏం మార్చారో లెక్క ఉంచే గిట్‌లో ఉంటాయి. ఎవరు రాసింది వాళ్ల పేరుతోనే పెట్టాలి. ముందు టెస్టులో, తర్వాత లైవ్‌లో, వరస తప్పకుండా వాటంతటవే నడుస్తాయి.

"లైవ్‌లో ఎవురు చెయ్యి పెట్టినారు సార్?"

అవతల నసుగుడు. "ఈ పొద్దు సోమవారం గదమ్మా. స్క్రిప్టు నడిచే టయానికి రాహుకాలం పడతాది. అందుకని అది టేబుల్లో కలపాల్సిన కొత్త కాలమ్ ముందే నేను చేత్తో కలిపేసినా."

ఉన్న కాలమ్‌నే మళ్లీ కలపమంటే డేటాబేసు ఒప్పుకుంటుందా? స్క్రిప్టు అక్కడే ఆగిపోయింది.

"మీరు కలిపింది మీరే తీసేసి, గ్రూపులో చెప్పండి సార్. స్క్రిప్టు మళ్లా అదే నడుస్తాది."

"గ్రూపులో ఎందుకమ్మా, పరువు పోతాది! గమ్మున నువ్వు సరిచేసెయ్. ఈ ఆటోమేషన్ మనకి అచ్చిరాలేదు. రేపట్నించి పాత పద్ధతే, స్క్రిప్టులు నీకే పంపిస్తాం."

"ఒప్పుకోవే. ఉద్యోగం పోతే ఎవురిస్తారు?" మునిశేఖర్ చెవి దగ్గర గొణిగాడు.

"సంగటి మాడతా ఉండాది సూడు," అత్త ఆనందమ్మ.

"మాడనీ అత్తా." ఫోనులోకి తిరిగింది. "నేను చేత్తో ముట్టను సార్." పెట్టేసింది.

లాడ్జీల వాళ్లు తిట్లు లంకించుకునేసరికి ధనంజయ దిగొచ్చాడు. 'నేనే కలిపినా, తీసేసినా' అని గ్రూపులో పెట్టాడు. స్క్రిప్టు నడిచింది, బుకింగులు కదిలాయి. వెంటనే టీములో కుర్రాడు భానుచందర్, 'సార్ కాబట్టి తప్పు పట్టుకున్నాడు!' అని చప్పట్ల బొమ్మలు పెట్టాడు.

నాగవేణి లాప్‌టాప్ తెరిచింది. అనుమతులు ఇచ్చేదీ తీసేదీ ఆమె పనే. లైవ్ డేటాబేసును చేత్తో మార్చే అనుమతి ధనంజయకు తీసేసింది. భానుచందర్‌కు తీసేసింది. తనకూ తీసేసుకుంది.

మునిశేఖర్ తొంగి చూసి నోరు తెరిచాడు. "నీది కూడానా? పిచ్చా నీకు?"

"ఇంగ ఎవురు పిలిచినా నేను చెయ్యలేను గదా," అంది.