బావ బంతి

తెల్లవారీ తెల్లవారకముందే గోల్ఫ్ మైదానంలో అడుగుపెట్టడమంటే పళ్ళ డాక్టరుకు ప్రాణం. ఆ వేళకి మంచు పట్టిన పచ్చిక మీద ఒక్కరి అడుగూ ఉండదు. తను నడిచిన మేరకు ముదురు రంగు దారి ఒకటి వెనకాలే వస్తుంది. త్వరగా కొట్టమని వెనకనుంచి దగ్గేవాళ్ళు లేరు. పొద్దస్తమానం జనం నోళ్ళలోకి చూసే మనిషికి, నోరు తెరవని ఆ పచ్చదనం చూస్తేనే కడుపు నిండిపోయేది. బంతి సరిగ్గా తగిలిందంటే చేతికి బరువే తెలియదు. టప్‌మని చిన్న చప్పుడు, ఆ తర్వాత ఎక్కడో దూరంగా గడ్డిలో వాలడం.

ఒక్కడే ఆడినా బంతులు మాత్రం రెండు. తెల్లది తనది, పసుప్పచ్చది బావది. బావ అంటే అక్క మొగుడు, ఈ ఆట నేర్పినవాడు. పోయిన చలికాలంలో కన్నుమూశాడు. ముందు తన బంతి కొట్టుకుని, తర్వాత బావ తరఫున పసుప్పచ్చది కొట్టేవాడు. ఇద్దరికీ సమానంగా న్యాయం చేస్తున్నానని అతని నమ్మకం. కానీ బావ బంతి దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి, నేల వాలు చూసి, పన్ను పీకేటప్పుడు కూడా పడనంత జాగ్రత్త పడేవాడు. రోజూ బావే గెలిచేవాడు.

ఆట అయ్యాక, క్లినిక్ తెరిచేలోగా, అదే వీధిలో ఉన్న అక్క ఇంట్లో కాఫీ.

"ఇవాళ ఎవరు గెలిచార్రా?" అంది అక్క, పెనం మీద రొట్టె ముక్కలు తిప్పుతూ.

"ఇంకెవరు, బావే. నీళ్ళగుంట మీదుగా బంతిని తిన్నగా తీసుకెళ్ళి గుంత జెండా పక్కన పెట్టాడు."

అక్క పొయ్యి ఆపింది.

"తిన్నగానా? మీ బావ తిన్నగా వెళ్ళింది భోజనాల బల్ల దగ్గరికి మాత్రమే. ఆయన కొడితే ఎటు పోవాలో బంతికే తెలిసేది కాదు."

"పోయినవాణ్ణి పట్టుకుని అలా అంటావేంటక్కా."

"పోయాడు కాబట్టే అంటున్నా. పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఆయన్ని దేవుణ్ణి చేసి వెళ్ళారు. సరే, వాళ్ళకేం తెలుసు. నువ్వు కూడా రోజూ ఎవరో పెద్దమనిషిని తీసుకొచ్చి ఈయనే మీ ఆయన అంటే ఎలారా? ఇంకొన్నాళ్ళు ఇలాగే వింటే, నేను కాపురం చేసిన మనిషి నాకే గుర్తుండడు."

అతని చేతిలోని కాఫీ చల్లారిపోయింది.

మర్నాడు బావని బావలాగే ఆడించాలని గట్టిగా అనుకుని బయల్దేరాడు. అనుకున్నంత తేలిక కాలేదు. చెడగొట్టడానికి కూడా చేతనవ్వాలి. ఏళ్ళ తరబడి కుదురు నేర్చిన చెయ్యి మాట వినదు. పసుప్పచ్చ బంతి బుద్ధిమంతుడిలా దారి మధ్యలోనే పోయి పడుతోంది. బలవంతాన పక్కకి తోస్తే అది తన తప్పులా ఉంది తప్ప బావ తప్పులా లేదు. చూస్తుండగానే ఆట సగం అయిపోయింది. అక్కకి కట్టుకథ చెబితే ఇట్టే పట్టేస్తుంది. అదలా ఉంచి, బావ ఎలా కొట్టేవాడో తనకే గుర్తు లేదేమోనన్న ఆలోచన వచ్చింది.

బంతి ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. బావ కనబడలేదు, వినబడ్డాడు. కర్ర ఎత్తినప్పుడు మొదలయ్యే ఆ నోరు బంతి పడేదాకా ఆగేది కాదు. నోరు మూసుకుని కొట్టడం బావ ఎరగడు.

పళ్ళ డాక్టరు అటూ ఇటూ చూశాడు. మైదానమంతా నరమానవుడు లేడు. ఒంటరిగా ఆడటంలో ఉన్న సుఖం ఆ క్షణాన అతనికి పూర్తిగా అర్థమైంది. కాళ్ళు ఎడంగా పెట్టి, లేని పొట్టని ముందుకు తోసి, గొంతు పెంచాడు.

"కాస్త పక్కకి జరుగు బావమరిదీ. పళ్ళు పీకడం కాదిది, చూసి నేర్చుకో. ఇప్పుడిది వెళ్ళి ఆ జెండాని పలకరించి..."

మాట పూర్తికాకముందే కర్ర గిర్రున తిరిగింది. బంతి జెండాకి ఆమడ దూరాన పంపుషెడ్డు రేకుల మీద ధనాల్న పడింది. పిట్టలు గుంపుగా లేచాయి. బంతి మాత్రం తాపీగా దొర్లుకుంటూ వచ్చి ఇసుకగుంటలో కూర్చుంది.

"గాలి," అన్నాడు ఇంకా అదే గొంతుతో. చుట్టూ ఆకు కూడా కదలడం లేదు.

పళ్ళ డాక్టరు కర్ర మీద వాలిపోయి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక కూడా నీళ్ళు కాసేపు ఆగలేదు. మొహం తుడుచుకుని ఇసుకగుంటలోకి దిగాడు. బావ అక్కడ బంతికంటే ఇసుకనే ఎక్కువ కొట్టేవాడు. తనూ అలాగే కొట్టాడు. మాట్లాడుతూ ఆడినంతసేపూ చెయ్యి దానంతటదే దారి తప్పింది.

"ఇవాళ నేను గెలిచానక్కా," అన్నాడు వంటింటి గుమ్మంలో చొక్కా దులుపుకుంటూ. "బావ చిత్తుగా ఓడిపోయాడు."

అక్క తల తిప్పి తమ్ముడి మొహంలోకి చూసింది. "ఎంత చిత్తుగా?"

"ఒకటైతే పోయి పంపుషెడ్డు మీద పడింది."

"ఏమన్నాడు?"

"గాలి అన్నాడు."

"అంటాడు. ఆయన తప్పు ఎప్పుడుంది గనక." పెదవి బిగబట్టుకున్నా ఆమెకి నవ్వు ఆగలేదు. కుర్చీ లాక్కుని తమ్ముడి ఎదురుగా కూర్చుంది. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

"ఊఁ, తర్వాత?" అంది.