డెబ్భై ఆరు కిలోల బోర్డు

ఆదివారం పొద్దున పదీ ముప్పావుకి ఫోను మోగిందంటే అటువైపు ఎవరో ఆమె చూడక్కర్లేదు. క్లాసులో పాతికమంది తలలు తిప్పి చూస్తుంటే, ఫోనుని రెండు చేతులా నొక్కిపెట్టి వరండాలోకి పరిగెత్తింది.

“చేపల రేవు దగ్గరున్నాను,” అన్నాడు మొగుడు. గాలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. “కాస్త వచ్చి తీసుకెళ్తావా?”

“బయల్దేరింది ఎక్కడ మీరు?”

“తెలిసిందే కదా. లైట్‌హౌస్ దగ్గర.”

లైట్‌హౌసుకీ చేపల రేవుకీ మధ్య మూడు కిలోమీటర్లు. వరసగా ఇది నాలుగో ఆదివారం. లోపల మాస్టారు త్రాసుల్లో వచ్చే తేడాల గురించి చెబుతున్నాడు. ఆమె పుస్తకం సంచిలో కుక్కి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగింది.

మొగుడు లిఫ్టుల మెకానిక్కు. వారమంతా చీకటి గోతుల్లో గ్రీజు పూసుకుని బతికే మనిషి కాబట్టి ఆదివారం ఆకాశం చూడాలనుకోవడంలో తప్పులేదని రెండేళ్ళ కిందట తనే అంది. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియడం లేదు. పైన గది అంత గాలిపటం, కైటు, ఎగురుతుంటే, దాని తాళ్ళు నడుముకి తగిలించుకుని, కాళ్ళ కింద బోర్డుతో నీళ్ళమీద జారే ఆట అది. గట్టి గాలి వీచే నెలల్లో అంతా బాగానే ఉండేది. గాలి పల్చబడ్డాకే అసలు రంగు బయటపడింది. అతని దగ్గరున్న చిన్న బోర్డుకి ముందూ వెనకా ఒకటే. గట్టి గాలిలో ఎటు కావాలంటే అటు పోతుంది, పల్చటి గాలిలో మాత్రం గాలి ఎటు తోస్తే అటే. బయల్దేరిన చోటికి తిరిగి రావాలంటే గాలికి ఎదురెక్కాలి. అది దాని వల్ల కాదు. అలా కొట్టుకుపోయిన వాళ్ళందరూ బోర్డు చంకన పెట్టుకుని ఒడ్డెంట నడిచి వస్తారు. ఈయనకి మాత్రం పెళ్ళాం ఉంది, పెళ్ళాం చేతిలో కారుంది.

ఆమె ఊరి చివర లారీలు తూచే వేబ్రిడ్జి కాటా దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. కిటికీ పక్కన కూర్చుని, లారీ ఎక్కితే ఒక అంకె, దిగితే ఒక అంకె రాస్తుంది. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు పరీక్షకి వయసు పరిమితి ఈ ఏటితో సరి. ఈసారి తప్పితే ఆ కిటికీ పక్కనే ముసలిదవ్వాలి. క్లాసులు ఆదివారాలే, పరీక్షా ఆదివారమే. అతనికివన్నీ తెలుసు. తెలిసీ ఫోను చేస్తాడు. ఆమెకి కాలేది అక్కడే.

“అసలు తప్పంతా బోర్డుది,” అన్నాడు కారెక్కుతూనే, సీటు మీదికి నీళ్ళు కారుస్తూ. “రేసు బోర్డు తీసుకుంటే నీకీ బాధ ఉండదు. నిన్ను ఒక్కసారి కూడా పిలవను.”

ఆ ఒక్క మాటకి పడిపోయింది ఆమె. ఆ సాయంత్రం నుంచే భోజనాల బల్ల కాయితాలతో నిండిపోయింది. రేసు బోర్డుకి ముక్కు వేరట, తోక వేరట. ఒక దిక్కుకే పోతుందట, మళ్ళాలంటే కాళ్ళు మార్చుకోవాలట. వెడల్పుగా, దళసరిగా ఉండి, అడుగున చేప రెక్కల్లాంటి మూరెడు పొడుగు ఫిన్నులుంటాయట. అవి నీటిని పట్టుకుంటే పల్చటి గాలిలో కూడా ఎదురెక్కుతుందట. అన్నం తింటున్నా అదే, నిద్రలోనూ అదే. పెళ్ళిచూపులప్పుడు తనని ఇంత శ్రద్ధగా చూసుంటే బాగుండునని ఆమె అంది కూడా. అతను ఒక బొమ్మ చూపించి, “దీని తోక చూడు,” అన్నాడు.

కైట్ల కొట్టు మాస్టారు మంచివాడు. కొనేముందు వారానికో బోర్డు వాడి చూడమని ఇచ్చాడు. మొదటిది తీసుకెళ్ళిన ఆదివారం పదీ ముప్పావుకి ఫోను మోగింది. ఫిన్నులు బాగోలేవన్నాడు. రెండోది తీసుకెళ్ళినప్పుడు ఇంకాస్త ముందే మోగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈసారి కాళ్ళు దూర్చే పట్టీల మీద పడ్డాడు. ఆ వారం క్లాసులో ఏం చెప్పారని పక్కమ్మాయిని అడిగితే, “మీరింకా మానలేదా అక్కా? మానేశారనుకున్నాం,” అంది. పరీక్షకి ఇంక రెండు వారాలే ఉంది.

శనివారం మధ్యాహ్నం కాటా మూసి, తనే మొగుణ్ణి వెంటేసుకుని కొట్టుకెళ్ళింది. గోడకి బోర్డులు నిలబెట్టి ఉన్నాయి. జిగురు వాసన. మాస్టారు రెండో బోర్డుని బల్లమీద బోర్లించి, ఫిన్నుల అంచులు బొటనవేలితో తడిమి తడిమి చూస్తున్నాడు.

“నాకేం పాలుపోవట్లేదమ్మా,” అన్నాడు. “ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది. డెబ్భై ఆరు కిలోల మనిషిని ఈ బోర్డు లేపలేదంటే నేను కొట్టు మూసుకోవాలి.”

“ఎన్ని కిలోల మనిషి?” అంది ఆమె.

“డెబ్భై ఆరు. సారే చెప్పారు. బోర్డు బరువుని బట్టే ఇస్తాం కదమ్మా.”

ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను అటు గోడకున్న పట్టీలేవో పరీక్షగా చూస్తున్నాడు. పదకొండేళ్ళలో ఎందరో లారీ డ్రైవర్లు ఆమె కిటికీ దగ్గర నిలబడి, “ఖాళీ బండేనమ్మా,” అంటూ సరిగ్గా అలాగే పక్క చూపులు చూశారు. వాళ్ళని దూరం నుంచే పట్టేస్తుంది. ఇంట్లో రోజూ ఎదురుగా కూర్చుని తినేవాణ్ణి పట్టుకోలేకపోయింది. ముందు తన మీద తనకే ఒళ్ళు మండింది.

డెబ్భై ఆరు ఆయన పెళ్ళినాటి బరువు. అప్పట్లో వాళ్ళమ్మ అనేది, అంత పొడుగుకి గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నాడు పిల్లాడని. ఆ మాటని ఈయన ఇన్నేళ్ళూ బంగారంలా దాచుకున్నట్టున్నాడు.

“రండి,” అంది.

“ఎక్కడికి?”

కారు తిన్నగా కాటా దగ్గర ఆగింది. ఆమె గది తాళం తీసి, మీటలు వేసి, కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చుంది.

“కారు కాటా మీదికి తీసుకురండి.”

“నేను తూగే కాటాయేనా ఇది? లారీలది కదే,” అన్నాడతను, ఉక్రోషంగా.

“అందుకే కారుతో పాటు తూస్తున్నా. తీసుకురండి.”

వెయ్యీ నూట ఇరవై చూపించింది. దిగి పక్కకి జరగమంది. వెయ్యీ ఇరవై. ఆమె రెండు అంకెలూ కాయితం మీద రాసింది.

“ఈ కాటా అయిదేసి కిలోల లెక్కన చూపిస్తుంది. అయిదు అటూ ఇటూ ఉంటుందేమో,” అన్నాడు.

“మళ్ళీ ఎక్కండి.”

మూడుసార్లు ఎక్కించింది, మూడుసార్లు దింపింది. మూడుసార్లూ వందే. లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో పలక బిగించే మనిషి, మనిషికి అరవై ఎనిమిది కిలోల చొప్పున లెక్కలు వేసే మనిషి, కాటా పక్కన తల దించుకుని నిలబడ్డాడు. ఆమెకి నవ్వు రాలేదు. నెలన్నరగా కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది.

“ఒక్క అంకె నిజం చెప్పలేక నా క్లాసులన్నీ నీళ్ళపాలు చేశారు. లావయ్యారని నేనెప్పుడైనా అన్నానా? ఇంకో వారంలో నా పరీక్ష. మళ్ళీ ఏడాదికి నాకు వయసు ఉండదు. అదైనా గుర్తుందా మీకు?”

“ఆ కొట్లో అందరూ కుర్రాళ్ళే,” అన్నాడతను. “వాళ్ళందరి ముందూ అడిగాడు మాస్టారు. నోట్లోంచి అదే వచ్చేసింది. తర్వాత మార్చడానికి మొహం చెల్లలేదు.”

ఆమెకి జాలేసింది. జాలేసినందుకు మళ్ళీ కోపమొచ్చింది. కాయితం చింపి అతని చేతిలో పెట్టి, కొట్టుకి తీసుకెళ్ళి మాస్టారికి ఇమ్మంది. కొట్టు ముందు ఆగాక తాను కారు దిగలేదు. అతను ఒక్కడే లోపలికెళ్ళాడు. చాలాసేపటికి, కొట్లోకెల్లా వెడల్పైన, దళసరైన బోర్డు నెత్తిన పెట్టుకుని బయటికొచ్చాడు. అది తలుపులోంచి పక్కవాటుగా గానీ రాలేదు.

మర్నాడు గాలే లేదు. బోర్డు హాల్లో సోఫా మీద పడుకుంది, ఆమె క్లాసు నుంచి వచ్చి నేలమీద కూర్చుని చదువుకుంది. ఆ పై ఆదివారం పరీక్ష. ఆ రోజే గాలి కూడా వచ్చింది, ఆకులు కదిలీ కదలనంత. పొద్దున్నే అతన్ని లైట్‌హౌస్ దగ్గర దింపి, అద్దం దించి చెప్పింది.

“ఒంటిగంట దాకా ఫోను నా దగ్గరుండదు. కొట్టుకుపోతే నడిచి రండి. నాకు మాత్రం ఫోను చెయ్యొద్దు.”

పరీక్ష హాల్లో పదీ ముప్పావుకి చెయ్యి దానంతటదే సంచి కోసం వెతికింది. సంచి బయట ఉంది. పెన్ను గట్టిగా పట్టుకుని రాసుకుపోయింది.

ఒంటిగంటకి బయటికొచ్చి ఫోను తీసింది. ఒక్క కాల్ కూడా లేదు.

మొదట హాయిగా అనిపించింది. కారు దాకా వచ్చేసరికి ఆ హాయి కాస్తా కంగారుగా మారింది. కొత్త బోర్డు. బరువైన మనిషి. ఫోను చెయ్యకుండా ఉండేవాడా? చెయ్యొద్దని తనే కదా అంది. ఎందుకన్నానా అని తిట్టుకుంటూ అలవాటుకొద్దీ చేపల రేవుకే పోనిచ్చింది. అక్కడ వలలు బాగుచేసే ముసలాయన ఆమెని చూసి తల అడ్డంగా ఊపాడు.

“మీ ఆయన ఈ వారం రాలేదమ్మా.”

రాలేదన్న మాట వింటూనే ఆమె కారు వెనక్కి తిప్పింది. మూడు కిలోమీటర్లూ సముద్రం వైపు చూస్తూనే నడిపింది. నీళ్ళమీద ఏ కైటూ కనబడలేదు.

లైట్‌హౌస్ గోడ నీడన బోర్డు మీద కూర్చుని అరటిపండు తింటున్నాడతను.

“ఫోను చెయ్యడానికేం?” అని అరిచింది కారు దిగకుండానే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “బతికున్నారో లేదో తెలియక ఊరంతా తిరుగుతున్నా ఇక్కడ.”

“చెయ్యొద్దన్నావుగా,” అన్నాడతను బిత్తరపోయి. “అయినా నేనెక్కడికీ పోలేదే. ఆరుసార్లు వెళ్ళి ఆరుసార్లూ ఇక్కడికే తిరిగొచ్చాను. పన్నెండింటికి గాలి పోయింది. నీకోసం కూర్చున్నా.” మిగిలిన పండు నోట్లో వేసుకుని అడిగాడు. “ఎలా రాశావు?”

ఆమె కళ్ళు తుడుచుకుని దిగి వచ్చి, బోర్డు అంచున కూర్చుంది. దాని మీద ఇద్దరికీ చోటుంది.

“బాగానే రాశాను. పెద్ద కాటా మీద చిన్న బరువు కనుక్కోవాలంటే ఎలా అని ఏడో ప్రశ్న. బండితో కలిపి ఒకసారి, దింపి ఒకసారి తూచి తీసెయ్యాలని రాశాను. మూడుసార్లు తూచాలని కూడా రాశాను.”

“నా పేరు రాయలేదు కదా?”

“వస్తువు అని రాశాను.”

అతను అరటితొక్క మడుస్తూ నవ్వాడు. అప్పుడే ఒడ్డునుంచి ఒక కుర్రాడు వచ్చి, వాళ్ళు కూర్చున్న బోర్డు చుట్టూ తిరిగి, అడుగు భాగం వంగి చూశాడు.

“పొద్దున చూశానండీ. ఆ గాలిలో మీరొక్కరే ఎదురెక్కారు. నాకూ ఇలాంటిది కావాలి. మీ బరువెంత?”

అతను పెళ్ళాం వైపు చూశాడు. ఆమె సముద్రం వైపే చూస్తోంది. చూపు తిప్పలేదు.

“వంద,” అన్నాడు. “అయిదు అటూ ఇటూ.”

“పైకే,” అంది ఆమె.