ఆ రిపోర్టు ఎవరి తోటది

అన్న తన దానిమ్మ తోటను తన చేత్తోనే నరుక్కుంటుంటే చెల్లెలు గట్టు మీద నిలబడి చివరి చెట్టు పడేదాకా చూసింది.

అంతకు వారం ముందు ఎగుమతి షావుకారు నలుగురి ఎదుటా ల్యాబ్ రిపోర్టు ఊపుతూ, "నీ కాయల్లో పురుగుమందు మితిమీరి ఉంది. విదేశాల వాళ్లకి విషం పంపమంటావా?" అని అన్నను నిలువునా కడిగేశాడు. కాయలన్నీ జ్యూస్ ఫ్యాక్టరీ ధరకే దించుకున్నాడు. అన్న నమ్మేశాడు. అవే కాయలు అంతకుముందు రోజు తన పిల్లలకు ఒలిచి పెట్టాడు.

చెల్లెలు ఆ షావుకారు షెడ్డులోనే కాయల్ని సైజులవారీగా ఏరే పని చేసేది. నెల తర్వాత ఫైళ్లు సర్దమంటే సర్దుతూ ఆ రిపోర్టు చూసింది. దాని మీదున్న నంబరు అన్న తోటది కాదు. అన్న తోట రిపోర్టు దాని కిందే ఉంది, ఏ మచ్చా లేకుండా. అన్న కాయలు ఎప్పుడో మొదటి రకం పెట్టెల్లో ఓడెక్కేశాయి.

చెబితే అన్న నమ్మలేదు. "కోపంలో ఏదో చదివుంటావు. ఆయన నోటితో చెప్పమను, అప్పుడు నమ్ముతాను."

ఆమె పని మానలేదు. పంటి బిగువున ఇంకో రెండేళ్లు అక్కడే ఉంది. ఏ ల్యాబ్, ఏ కాగితం, కంటైనర్‌లో ఎంత చలి ఉండాలి, అన్నీ నేర్చుకుంది. తర్వాత బయటికొచ్చి తోట తోటకీ తిరిగింది. కాయలు పరీక్ష చేయించి ఎవరి రిపోర్టు వాళ్ల చేతికే తెచ్చిచ్చింది. మూడేళ్లకు ముప్పై మంది రైతులు ఆమె వెనక నిలబడ్డారు. షావుకారు షెడ్డు బోసిపోయింది.

విదేశీ కంపెనీకి ఒప్పుకున్న సరుకుకు గడువు ముంచుకొచ్చేసరికి షావుకారు ఆమె గుమ్మం ఎక్కాడు.

"అమ్మాయ్, ఒక్క కంటైనర్. లేకపోతే ఆ కంపెనీవాళ్లు నన్ను వదిలేస్తారు."

"రేపు పొద్దున మా వాళ్లందరి ముందూ ఆ రిపోర్టు సంగతి చెప్పండి. కంటైనర్ నిండుతుంది," అంది ఆమె.

మర్నాడు షావుకారు వచ్చేసరికి బయట కంటైనర్ లారీకి పెట్టెలు ఎక్కుతున్నాయి. తనకోసమే అనుకున్నాడు. అన్నను చూపిస్తూ చెప్పాడు: "ఆ రిపోర్టు ఇతని తోటది కాదు. ధర తగ్గించాలని చూపించాను."

అన్న మెల్లగా లేచాడు. "చెట్లు నరుకుతున్నానని మీకు తెలుసు. అప్పుడైనా ఒక మాట చెప్పలేకపోయారా?"

షావుకారు లారీ వైపు చూశాడు.

వెనక వరుసలో ఒక పెద్దమనిషి, పక్కనున్న ఆవిడ ప్రతి మాటా అతని భాషలోకి మార్చి చెబుతుంటే, వింటూ రాసుకుంటున్నాడు. షావుకారు ఫోన్లో మాట్లాడటమే తప్ప ఎన్నడూ చూడని ఆ కంపెనీ మనిషి. అతను లేచి, చెల్లెలు ముందుపెట్టిన ఒప్పందం మీద సంతకం చేశాడు. అది రైతుల పేరు మీద ఉంది.

"మాటిచ్చావు కదా అమ్మాయ్," అన్నాడు షావుకారు.

"కంటైనర్ నిండుతుందన్నాను. నిండింది. మీకని అనలేదు."

అతను కారెక్కి గేటు దాకా వెళ్లాడు. లారీ అడ్డంగా ఉంది. హారన్ కొట్టలేదు, తల వంచుకుని కూర్చున్నాడు. లారీ తీయమంటారా అని గేటు మనిషి అడిగితే, తొందరేం లేదని చెప్పి చెల్లెలు చెట్టునీడలోకి కుర్చీ లాక్కుంది.