నుదుటి మీద మూడు చుక్కలు

శుక్రవారం సాయంత్రం నేను నూనె గిన్నె పట్టుకుని కూర్చుంటే మా కోడలు యాదలక్ష్మి వచ్చి నా ముందు కూర్చోవడం ఇరవై ఏళ్ల అలవాటు. కొత్త కోడలుగా మా చంపాపేట్ ఇంటికి వచ్చినప్పుడు, మా అత్త నాకు పెట్టినట్టే నేనూ ఆమె తలకు నూనె పెట్టాను. కరెంటు పోయినా, చుట్టాలొచ్చినా ఆ అలవాటు తప్పలేదు.

ఆ శుక్రవారం మాత్రం దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసు నుంచి వస్తూనే, "ఇయ్యాల ఒద్దత్తమ్మా, నెత్తి నొస్తుంది" అంది.

"నెత్తి నొస్తే గదా నూనె పెట్టేది! గింత సదువుకున్నవ్, గదన్న తెల్వదా?" అని నవ్వి, చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. మళ్లీ ఒద్దంది. నేను వినలేదు. ఆమె రెండుసార్లు ఒద్దన్న సంగతి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో!

తల ఒళ్లో పెట్టుకుంటే కనుబొమల మధ్య మూడు ఎర్రటి చుక్కలు కనబడ్డాయి.

"ఏందే ఇవి?"

"దోమలు."

దోమలైతే దురద పెడుతుందని ఆ చుక్కల మీదే బామ్ రాశాను. రెండు బొటనవేళ్లతో కనుబొమల మధ్య నుంచి కంటి గట్టు మీదుగా కణతల దాకా, ఉన్న బలమంతా పెట్టి రుద్దాను. పిచ్చిది, పళ్లు బిగబట్టుకుని పడుకుందే గానీ ఒక్క మాట చెప్పలేదు.

సోమవారం పొద్దున టీ ఇవ్వబోతూ ఆమె మొహం చూశాను. ఆమె ఎడమ కంటిరెప్ప సగానికి వాలి ఉంది. కుడి కన్ను నన్ను చూస్తోంది, ఎడమ కన్ను నిద్రపోతోంది.

మా ఆయన లచ్చయ్యకు ఇలాగే మొదలైంది. తొమ్మిదేళ్ల కిందట, దసరా వెళ్లిన నాలుగో రోజు, నల్లా దగ్గర బకెట్ నింపుతూ "కన్ను తెరుసుకుంటలేదే" అన్నాడు. వేడి చేసిందేమోనని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాను. మధ్యాహ్నానికి మూతి వంకర పోయింది. సాయంత్రానికి 'కౌసల్యా' అనే నా పేరు ఆయన నోట్లోంచి రాలేదు. పొద్దుటే ఎందుకు తీసుకురాలేదని దవాఖానలో అడిగారు. మజ్జిగ ఇచ్చానని ఎలా చెప్పను?

"లే. దవాఖానకు పోదాం."

"ఏం కాలేదత్తమ్మా. రెండు రోజులైతే అదే తగ్గుతది."

"మీ మామ గూడ గట్లనే అన్నడు. లే అంటున్న!"

నా కొడుకు మహిపాల్ లారీ తీసుకుని విజయవాడ వెళ్లాడు. ఫోన్ ఎత్తలేదు. కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కాం. ఎల్బీ నగర్ దాకా ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని "పిసుకు, గట్టిగ పిసుకు" అంటూనే ఉన్నాను. పిసికింది. "నవ్వు" అన్నాను.

ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏందమ్మా, కోడల్ని గంత జబర్దస్తీగ నవ్విస్తున్నవ్?" అన్నాడు.

"నువ్వు ముందర సూసి నడుపు నాయినా!"

నవ్వింది. మూతి వంకర లేదు. కానీ అప్పుడు చూశాను. కళ్లనిండా నీళ్లు, పెదవులు వణుకుతున్నాయి, మొహం పాలిపోయింది. నుదురు మాత్రం కడిగిన పళ్లెంలా నున్నగా ఉంది. ఏడుస్తున్న మనిషి నుదురు కదలకపోవడం డెబ్బై ఏళ్లలో నేను చూడలేదు.

ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరమ్మ పేరు మృదుల. కోస్తా పిల్ల. నేను మా ఆయన కథంతా చెప్పబోతుంటే, "అమ్మమ్మగారూ, ఒక్క నిమిషం ఆగండి, ఆవిణ్ని మాట్లాడనివ్వండి" అంది. చేతులెత్తించింది. కంట్లో లైటు వేసింది.

"ఈమధ్య మొహానికి ఏమైనా చేయించుకున్నారా? ఇంజక్షన్లలాంటివి?"

"ఏం లేదు మేడం."

"తలకు స్కానింగ్ తీయిస్తాను. పక్షవాతమైతే గడ్డ కరిగించే మందు వెంటనే ఇవ్వాలి. కాకపోతే మాత్రం అది ఊరికే ఇచ్చే మందు కాదండీ, తల్లో రక్తం కారొచ్చు. అందుకే మళ్లీ అడుగుతున్నాను."

యాదలక్ష్మి నేల చూసింది. నాకు చుక్కలు గుర్తొచ్చాయి.

"డాక్టరమ్మా, శుక్రారం నాడు బొమల నడుమ మూడు చుక్కలుండె. దోమలన్నది. దోమలు వరుసగ నిలబడి కుడ్తయా?"

దాంతో కోడలు కొంగులో మొహం పెట్టి ఏడ్చింది. ఆమెది కోచింగ్ సెంటర్లో ముందు టేబుల్ దగ్గర కూర్చునే ఉద్యోగం. "ఎప్పుడు సూసినా కోపంగ కనబడ్తున్నవ్, పిల్లల తల్లిదండ్రులు బెదురుతున్నరు అన్నడు మా సారు. పక్కన ఇరవై రెండేండ్ల పిల్లను తెచ్చి కూసోబెట్టిండు. గందుకే నొసటి గీతలు పోవాలని, బట్టల దుకాణం మీది పార్లర్ల సూదులు ఏపిచ్చుకున్న."

"వేసింది డాక్టరేనా?"

"కాదు మేడం, పార్లర్ నడిపేటామె."

"మందు పేరు?"

"సీసా మీద కాయితం లేకుండె."

"మీ ముందే మూత తీశారా?"

"లేదు. ముందుగాల్నే కలిపి పెట్టిన్రు. నాకన్న ముందు ఇంకొకామెకు గా సీసాలకెల్లే ఏసిన్రు."

డాక్టరమ్మ గ్లాసుతో నీళ్లు తెప్పించి, "కొంచెం కొంచెంగా మింగండి" అంది. నీళ్లెందుకని నేను అడిగాను.

"ఆ మందు కండరాన్ని పడుకోబెడుతుందండీ. ముడత పోయేది అందుకే. ఎక్కువైనా, కల్తీదైనా గొంతుకు పాకొచ్చు. ఊపిరికీ పాకొచ్చు."

మొదటి గుక్క దిగింది. రెండో గుక్కకు దగ్గు వచ్చింది. నేను మంచం పట్టె పట్టుకున్నాను. మా ఆయన కూడా చివర్లో నీళ్లకే దగ్గాడు. మూడో గుక్క, నాలుగో గుక్క దిగాయి.

"ఇంజక్షన్ తర్వాత ఆ చోట ఎవరైనా రుద్దారా? నొక్కారా?"

యాదలక్ష్మి నా వైపు చూడకుండా, "లేదు మేడం. ఎవ్వరు ముట్టలేదు" అంది.

నన్ను కాపాడుతోంది! ఆ రెప్ప వేలాడేసుకుని, ఆ దగ్గు దగ్గి, నన్ను కాపాడుతోంది.

"నేనే రుద్దిన తల్లీ" అన్నాను. "ఒద్దంటున్నా ఇనకుండ, బామ్ పెట్టి రుద్దిన. నా చేతులతోనే గిట్ల చేసిన్నా?"

"కావచ్చు. సూది చోటు తప్పి కిందికి గుచ్చి ఉండొచ్చు, మందే ఎక్కువై ఉండొచ్చు. ఏదని చెప్పలేనండీ" అందామె. "రెప్ప తనంతట తానే లేవాలి. కంట్లో వేసే చుక్కల మందు రాసిస్తాను, రెప్పను కొంచెం ఎత్తుతుంది. వారాలు పడుతుంది. ఈలోగా మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, ఆ క్షణమే తీసుకురండి."

స్కానింగ్‌లో పక్షవాతం కాదని తేలింది, ఒక రోజు ఉంచుకుని పంపారు. ఇంటికొచ్చాక మూడు వారాలు నేను ఆమెతో కలిసి అన్నం తినలేదు, ఆమె తింటుంటే గొంతు చూస్తూ కూర్చున్నాను. టీవీ కట్టేసి, ప్రతి ముద్దా దిగిన చప్పుడు వినేదాన్ని. పొలమారితే చాలు, చెప్పులేసుకునేదాన్ని.

"గట్ల సూస్తే నాకు ముద్ద దిగుతదా అత్తమ్మా?" అనేది.

ఇంత జరిగాక కూడా మా గల్లీ ఆడవాళ్లు "ఏ పార్లర్ల పిన్నీ? గీతలైతే మంచిగనే పోయినయి!" అని అడిగారు. సూది పట్టేది డాక్టరేనా కనుక్కోండి, సీసా మూత మీ కళ్ల ముందే తీయించండి, వాడే మందులూ ఉన్న రోగాలూ దాచకండి అని డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. వేయించుకున్నాక ఇంట్లో ఉన్న ముసల్దానికి చెప్పి చావండి అని నా మాట కూడా కలిపాను.

ఐదో వారానికి రెప్ప బియ్యపు గింజంత లేచింది. ఆ శుక్రవారం ఆమే నూనె గిన్నె తెచ్చి నా ముందు కూర్చుంది.

"ఏమన్న ఏపిచ్చుకున్నవా బిడ్డా?"

"లేదత్తమ్మా."

"ఒట్టు?"

"ఒట్టు."

తలకు రాశాను. జడ విప్పి కుదుళ్లకు రాశాను. ఆమె వెనక్కి వాలి, నా బొటనవేలు పట్టుకుని తన కనుబొమల మధ్య పెట్టుకుంది. నూనెతో జారుతున్న ఆ వేలిని నేను తీసేసి, మళ్లీ జడ చివర పట్టుకున్నాను.