ఒకే నీళ్లకి రెండు మాటలు

తొమ్మిదో తరగతికి వాతావరణ మార్పుల పాఠం చెప్పే పని సైన్సు టీచరు కోరి నెత్తికెత్తుకుంది. "పరీక్షలో దాని మీద పెద్దగా ప్రశ్నలు రావమ్మా, తేలిగ్గా దాటేయండి" అని హెడ్మాస్టరు చెప్పినా వినలేదు. పైగా తల్లిదండ్రులు బడికొచ్చే రోజున, వాళ్ల కళ్లముందే పిల్లల చేత ప్రయోగం చేయిస్తానంది.

ప్రయోగం పెద్దదేం కాదు. రెండు గాజు జాడీలు, రెండిట్లో రెండు థర్మామీటర్లు, పక్కన రెండు దీపాలు. ఒక జాడీలో మామూలు గాలి. రెండోదాంట్లో వంటసోడా మీద వెనిగర్ పోసి పుట్టించిన కార్బన్ డయాక్సైడ్. ఆ వాయువు వేడిని పట్టి ఉంచుతుంది గనక రెండో జాడీయే ఎక్కువ వేడెక్కాలి.

ఆ రోజు సైన్సు గది కిటకిటలాడింది. దీపాలు వెలిగించి, కాసేపు ఆగి, కొలత చదవడానికి ఓ అమ్మాయి లేచింది. ఏం చెప్పినా "ఎందుకు?" అనకుండా వదలదని తరగతంతా ఆ పిల్లని 'ఎందుకమ్మ' అంటారు. ఎందుకమ్మ ఒక జాడీ చూసింది, రెండోది చూసింది, మళ్లీ మొదటిది చూసింది.

"టీచర్... మామూలు గాలే ఒక డిగ్రీ ఎక్కువుంది."

గదిలో నవ్వులు లేచాయి. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ పిల్ల తాతయ్యే. "ఇంట్లో మొత్తుకుంటూనే ఉన్నా కదే! ఎండలు మా చిన్నప్పుడు లేవా? చూడు, నీ జాడీయే నా తరఫున సాక్ష్యం చెప్పింది!"

హెడ్మాస్టరు టీచరు పక్కకి జరిగి గొణిగాడు. "జాడీల మీది చీటీలు అటూ ఇటూ మార్చేయండి. ఎవరికీ తెలీదు."

టీచరు తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్. ఇవాళ మారిస్తే రేపు నేనేం చెప్పినా వీళ్లు నమ్మక్కర్లేదు." పిల్లల వైపు తిరిగింది. "తాతయ్యగారు చూసింది నిజమే, దాన్ని దాచం. ఏమ్మా, నీ ప్రశ్న వేసుకో."

"ఎందుకిలా అయింది?" అంది ఎందుకమ్మ.

అంతే, తరగతి తేనెతుట్టెలా కదిలింది. మూత సందులోంచి వాయువు పోయిందేమో అన్నారొకరు. చూస్తే మూత బిగువుగానే ఉంది. దీపం దగ్గరైందేమో అన్నారింకొకరు. స్కేలు పెట్టి కొలిస్తే రెండూ సమానం. "థర్మామీటర్లే అబద్ధమాడుతున్నాయేమో" అని వెనక బెంచీలోంచి వినిపించింది. రెండిటినీ ఒకే గ్లాసు నీళ్లలో ముంచారు. మామూలు గాలి జాడీలోది రెండు డిగ్రీలు ఎక్కువ చూపించింది.

తాతయ్య కళ్లద్దాలు సర్దుకుని ముందుకొచ్చాడు. "ఒకే నీళ్లకి రెండు మాటలా! ఇందులో దొంగది ఏదే?"

"తెలీదు తాతయ్యా. తేడా ఎంతో తెలిసింది కదా, అది తీసేస్తే చాలు."

థర్మామీటర్లు అటుదిటు మార్చి ప్రయోగం మళ్లీ చేశారు. ఈసారి కార్బన్ డయాక్సైడ్ జాడీ మూడు డిగ్రీలు ఎక్కువ చూపించింది. అందులో రెండు థర్మామీటరు తప్పు. మిగిలిన ఒకటి జాడీది. మొదటి లెక్క సరిచేసినా అదే తేలింది. పిల్లలు గదికప్పు ఎగిరిపోయేలా అరిచారు.

"ఆగండి, అప్పుడే పండగ చేసుకోకండి" అంది టీచరు. "జాడీ భూమి కాదు. భూమి సంగతి తెలియాలంటే లోకమంతా ఏళ్ల తరబడి తీసిన కొలతలు చూడాలి. వాటిలోనూ ఇలాంటి తప్పులుంటాయి. వాటినెలా పట్టుకున్నారో సోమవారం నుంచి చూద్దాం."

"నేనింకా ఒప్పుకోలేదమ్మా" అన్నాడు తాతయ్య గుమ్మం దగ్గర ఆగి. "సోమవారం నేనూ వచ్చి కూర్చోవచ్చా?"

"భేషుగ్గా రండి. కాకపోతే మాట్లాడాలంటే చెయ్యెత్తాలి."

ఆయన వచ్చాడు. ఇరుకు బెంచీలో మోకాళ్లు ముడుచుకుని వారమంతా కూర్చున్నాడు, మాటిమాటికీ చెయ్యెత్తాడు. టీచరు ఒక్క ప్రశ్ననీ దాటెయ్యలేదు. వారం చివర, నల్లబల్ల మీద ఏటికేడు పైకి పాకుతున్న భూమి వేడి గీతను చాలాసేపు చూసి, ఎత్తిన చెయ్యి తనే దించేసుకున్నాడు.

"ఇంత విడమరిచి నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు ఆవిడని పిలిచి, ఎనిమిదికీ పదికీ కూడా ఈ పాఠం మీరే చెప్పాలన్నాడు. ఆవిడ ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

"చెప్తాను సార్. పది వాళ్లకి సోమవారమే మొదలుపెడతా."