ఈ చెయ్యెత్తితే వచ్చినట్టు

శిక్షణ తరగతుల నుంచి లెక్కల టీచరు ఒక ఫైలు, మెడలో వేసుకునే బ్యాడ్జీ, బోలెడంత భయం వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఫైలు బీరువాలో పెట్టింది. బ్యాడ్జీ ఎక్కడో పారేసుకుంది. భయం మాత్రం వదల్లేదు.

భయానికి కారణం ఉంది. శిక్షణ ముగిసిన నెలలోపు పై ఆఫీసు నుంచి ఒకరొచ్చి, వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారు. శిక్షణ ప్రభావం పాఠంలో కనిపిస్తే సరేసరి. లేకపోతే పదో తరగతి తీసి వేరేవాళ్ళకిస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆమె చేతికొచ్చిన తరగతి అది. బజార్లో ఎవరెదురైనా "పదో తరగతి లెక్కల టీచరుగారు" అనేవాళ్ళే తప్ప పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఆమె పరువంతా ఆ ఒక్క గదిలోనే ఉంది. రేపు ఆరో తరగతికి పంపిస్తే ఎవరి మొహం ఎలా చూడాలో తోచక ఆమెకి కంటి మీద కునుకు ఉండటం లేదు.

శిక్షణలో చెప్పింది అర్థం కాలేదనడానికి లేదు. జవాబు మీరు చెప్పకండి, పిల్లలతో చెప్పించండి. తప్పు చెబితే పెదవి విరవకండి. ఎలా వచ్చిందని అడగండి. కూతురి వయసున్న శిక్షకురాలు చెబుతుంటే ఆమె బుద్ధిగా రాసుకుంది కూడా. తీరా తరగతిలో అడిగితే పిల్లలు నేలచూపులు చూశారు. ఆమె నోరు ఊరుకుంటుందా? జవాబు తనే చెప్పేసింది. అలవాటుగా "అర్థమైందా?" అంది. "అయిందీ టీచర్!" అని గది మారుమోగింది. ఇన్నేళ్ళూ ఆ కేక వినే ఆమె తృప్తిగా ఇంటికెళ్ళేది.

"పరీక్ష పిల్లలకా, నీకా?" అన్నాడు భర్త, కాఫీలో రెండోసారి పంచదార వేస్తున్న ఆమెను చూసి.

"నాకేనండీ. నవ్వకండి."

"నవ్వట్లేదులే. నీ దగ్గర చదివిన పిల్లలు ఇన్నాళ్ళూ ఎలా ఉండుంటారో ఇప్పుడు తెలుస్తోంది నీకు."

ఆ మాట చురుక్కుమంది. గ్లాసు అక్కడే వదిలేసి బడికి బయల్దేరింది.

వెళ్ళేసరికి హెడ్మాస్టరు వరండాలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "రేపే పై ఆఫీసు మేడమ్ వస్తున్నారమ్మా! ఎంతమంది చేతులెత్తారన్నదే ముఖ్యంగా చూస్తారట. ఏం చేస్తారో ఏమో, గదిలో ఒక్క చెయ్యి కూడా కింద ఉండకూడదు."

చివరి పీరియడ్లో ఆమె తలుపు దగ్గరికి వేసింది. ఇలాంటి పని ఎన్నడూ చేసి ఎరగదు. సిగ్గుపడుతూనే గొంతు తగ్గించి చెప్పింది.

"రేపు నేనేం అడిగినా అందరూ చెయ్యెత్తాలి. వచ్చినవాళ్ళు ఈ చెయ్యి. రానివాళ్ళు ఈ చెయ్యి." ముందు తన కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి ఎత్తి చూపించింది. బయట అడుగుల చప్పుడైతే గబుక్కున దించేసింది. "తెలిసిందా?"

"తెలిసిందీ టీచర్!"

మర్నాడు వచ్చిన మేడమ్ మాటకారి కాదు. నమస్కారానికి నమస్కారం పెట్టి, వెనక బెంచీలో కూర్చుని, పెన్ను మూత తీసింది. ఆ మూత చప్పుడుకే టీచరు అరిచేతులకి చెమట పట్టింది. సుద్దముక్క జారిపోతుంటే గట్టిగా పట్టుకుని బోర్డు మీద గోడ, దానికి ఆనించిన నిచ్చెన గీసింది.

"పది మీటర్ల నిచ్చెన. అడుగుభాగం గోడకి ఆరు మీటర్ల దూరంలో ఉంది. పైకొన ఎంత ఎత్తులో ఉంటుంది?"

ఒక్కసారిగా చేతులన్నీ లేచాయి. కుడిచెయ్యి ఎత్తిన క్లాస్ ఫస్ట్ అమ్మాయిని లేపింది. ఎనిమిది మీటర్లంది ఆ పిల్ల. ఎలా వచ్చిందంటే, పది వర్గంలోంచి ఆరు వర్గం తీసేసి చక్కగా చెప్పింది. వెనక పెన్ను కదిలింది. అమ్మయ్య అనుకుంది టీచరు.

"ఇప్పుడు అడుగుభాగాన్ని ఇంకో మీటరు బయటికి లాగాం. పైకొన సరిగ్గా మీటరే దిగుతుందా?"

మళ్ళీ అన్ని చేతులూ లేచాయి. ఈసారి కూడా కుడిచెయ్యే చూసుకుని, అందరూ పొడుగోడు అని పిలిచే కుర్రాణ్ణి లేపింది.

వాడు లేచాడు. అటూ ఇటూ చూశాడు. "నాకు రాదు టీచర్," అన్నాడు. ఆమె మొహం చూసి బెదిరిపోయి, "నేను రాని చెయ్యే ఎత్తాను కదా టీచర్!" అన్నాడు.

ఆమె పిల్లల చేతుల వంక చూసింది. కొన్ని కుడివి, కొన్ని ఎడమవి. నిన్న ఆమె ఎదురుగా నిలబడి చూపించింది. సగం మంది ఆమె కుడిని తమ కుడి అనుకున్నారు, సగం మంది అద్దంలో చూసుకున్నట్టు తమ ఎడమ అనుకున్నారు. ఇన్నేళ్ళు రేఖాగణితం చెప్పిన మనిషికి ఆ సంగతే తట్టలేదు. ఇప్పుడు ఎవరికి వచ్చో ఎవరికి రాదో దేవుడికే తెలియాలి. వెనక పెన్ను ఆగిపోయింది. తన పని అయిపోయిందనుకుంది ఆమె.

"చేతులు దించండి," అంది. "రానివాళ్ళు మాత్రమే ఎత్తండి. ఏ చెయ్యైనా ఫరవాలేదు."

ముందు ఒక చెయ్యి లేచింది, తర్వాత మూడు. చూస్తుండగానే సగం గది దాటింది. చివరికి క్లాస్ ఫస్ట్ అమ్మాయి కూడా తల వంచుకుని చెయ్యెత్తింది. టీచరుకి తరగతి పోతుందన్న భయం ఎటో పోయి, అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. ఇన్నేళ్ళూ "అయిందీ" అన్న గొంతుల్లో ఎన్నిటికి నిజంగా అయింది?

"నువ్వేమనుకుంటున్నావో చెప్పు నాన్నా," అంది పొడుగోడితో. "తప్పైనా సరే."

"మీటరే దిగుతుంది టీచర్. ఇటు మీటరు జరిపితే అటు మీటరు దిగాలి కదా?"

పెదవి విరవబోయి బలవంతాన ఆపుకుంది. "సరే, ఏడుతో వేసి చూడండి, అందరూ."

పిల్లలు పుస్తకాల మీద వంగారు. వందలోంచి నలభైతొమ్మిది పోతే యాభైఒకటి. దాని వర్గమూలం ఏడు కన్నా కాస్త ఎక్కువే. "అయితే మీటరు దిగలేదు టీచర్!" అని పొడుగోడే అరిచాడు. ఎందుకని ఆమె అడుగుతుండగా గంట కొట్టారు. పాఠం సగంలో ఆగింది.

వరండాలో హెడ్మాస్టరు చేతులు నలుపుకుంటున్నాడు. "పిల్లలు బెదిరారు మేడమ్. సోమవారం ఇంకోసారి చూడండి." టీచరు వైపు ఒంగి, "ఈసారి వాళ్ళకి వీపు పెట్టి చూపించండమ్మా చేతులు," అని గొణిగాడు.

"రమ్మంటే వస్తాను," అంది మేడమ్ టీచరుతో. "ఇవాళ్టిది రాయమంటే ఆ చేతుల సంగతి కూడా రాయాలి. రాస్తే పదో తరగతి మీకు ఉండకపోవచ్చు."

సోమవారం అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంటి దగ్గర భర్త, బజార్లో జనం, స్టాఫ్‌రూంలో చూపులు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. గోడకి ఆనుకుంది.

"ఇవాళ్టిదే రాయండి మేడమ్. సోమవారానికి పిల్లలు మళ్ళీ అన్నీ వచ్చినవాళ్ళలా కూర్చుంటారు. ఈ తరగతి ఎవరికిచ్చినా సరే, సగం మందికి రాదని మాత్రం వాళ్ళకి చెప్పండి."

హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. మేడమ్ కాగితాలు సర్దుకుని ఆఫీసుగదిలోకి నడిచింది.

తర్వాతి పీరియడ్ కూడా లెక్కలే. టీచరు లోపలికొచ్చి నిచ్చెన బొమ్మ ముందు నిలబడింది. ఏడుపు ముంచుకొస్తోంది. సాయంత్రం దాకా ఈ గది తనదే కదా అనుకుని సుద్దముక్క తీసుకుంది.

మూడో బెంచీలో ఒక అమ్మాయి మెల్లగా లేచింది. తొమ్మిదో తరగతి నుంచీ ఆమె దగ్గరే చదువుతోంది. ఏనాడూ నోరు విప్పి ఎరగదు.

"టీచర్, పోయినేడాది చెప్పినవి కూడా అడగొచ్చా?"

ఆమె సుద్దముక్క పక్కన పెట్టి తల ఊపింది. ఆ పిల్ల పక్కనున్న ఇద్దరు కూడా లేచి నిలబడ్డారు.